ఇంటి చీర ఎవరైనా కొన్నారా?

మధ్యాహ్నం మూడు గంటల వేళ కాలింగ్ బెల్ మోగిందనుకోండి. మీరు ముందు ఏం చేస్తారు? తలుపు తీస్తాను అంటే నేను నమ్మను. ముందు మిమ్మల్ని మీరు చూసుకుంటారు. చీర కట్టుకున్నవారైతే పసుపు మరకలున్న కొంగుని మడిచి బొడ్లో దోపుకుంటారు. నైటీలో వున్నవారైతే పైన వేసుకోడానికి చున్నీ కోసం వెతుకుతారు. అది సమయానికి దొరకదు గనక దండెం మీది తువ్వాలు లాగి భుజాల చుట్టూ కప్పుకుంటారు. ఈలోగా "వస్తున్నా, వస్తున్నా" అని రెండు కేకలు. తీరా తలుపు తీస్తే కొరియర్ కుర్రాడు. సంతకం పెట్టించుకుని, మన మొహం వంకైనా చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోతాడు.

నేనూ అంతే చేస్తాను. పెళ్లయిన దగ్గర్నించీ చేస్తూనే వున్నాను. అందులో ఆలోచించవలసినదేదో వుందని మాత్రం ఆ మధ్య దాకా నాకు తట్టలేదు. తట్టించింది ఓ పాఠకురాలు.

ఆవిడ రాజమండ్రి నుంచి ఫోన్ చేశారు. "మీ నవల చదివానండీ, బాగుంది" అని మొదలుపెట్టారు. అందరూ అలాగే మొదలుపెడతారు కాబట్టి నేను "కానీ" కోసం ఎదురు చూశాను. వచ్చింది.

"కానీ ఒక్క సందేహం. మీ కథానాయిక ఇంట్లో ఏం కట్టుకుంటుందండీ?"

నాకు అర్థం కాలేదు.

"అదేనండీ. మొదట్లో ఆఫీసుకి లేత నీలం షిఫాన్ చీర కట్టుకుని వెళ్లింది. బాగానే వుంది. సాయంత్రం ఇంటికొచ్చి అదే చీరతో వంటింట్లోకి వెళ్లి సాంబారుకి పోపు పెట్టింది. రాత్రి అదే చీరతో మేడమీద వెన్నెల్లో నుంచుంది. షిఫాన్ మీద నూనె చిందితే మరక పోతుందాండీ? మా ఇంట్లో అయితే వచ్చీ రాగానే ముందు చీర మార్చుకుంటాం."

నవ్వేసి, "వచ్చే నవలలో తప్పకుండా మార్పిస్తానండీ" అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వు రాలేదు. నా పుస్తకాలు ముందేసుకుని తిరగేశాను. మొత్తం ఏడు నవలలు, ఏడుగురు అమ్మాయిలు. ఒక్కరంటే ఒక్కరు ఇంటికొచ్చి చీర మార్చుకోలేదు. ఆఖరికి జ్వరంతో మంచం పట్టిన పిల్ల కూడా గంజి పెట్టిన వెంకటగిరి చీరలోనే మంచం పట్టింది. శిల్పమనీ పాత్రచిత్రణ అనీ నా నవలల మీద చాలామంది చాలా రాశారు గానీ, ఇంత సూటిగా తగిలిన విమర్శ ఇంకొకటి లేదు.

తప్పు నా ఒక్కదానిదే అయితే ఈ వ్యాసం అక్కర్లేదు. ఆవిడకో ఉత్తరం ముక్క రాస్తే సరిపోను. కానీ ఈ తప్పుకి నాకు చాలామంది తోడున్నారు.

మా అమ్మ వారపత్రికల్లోంచి సీరియళ్ల కాగితాలు విడదీసి, బైండు చేయించి దాచేది. వేసవి సెలవుల్లో అవే నా పాఠ్యపుస్తకాలు. వాటిలో చీరలకేం లోటు లేదు. రంగూ అంచూ, దానికి నప్పే జాకెట్టూ, తల్లోకి ఏ పువ్వో కూడా రాసేవారు. అబ్బాయి కారు రంగు సరేసరి. ఇంట్లో కట్టుకునే పాత చీర మాత్రం కనిపించేది కాదు. ఎక్కడన్నా కనిపించిందంటే అది ఆ అమ్మాయి పేదపిల్ల అని చెప్పడానికే. పెళ్లయి పెద్ద బంగళాలో అడుగు పెట్టగానే ఆ చీర కథలోంచి మాయమయ్యేది.

ఇక టీవీ సీరియళ్ల సంగతి మీకు నేను చెప్పాలా? అత్తగారు పట్టుచీరతో పడుకుంటుంది. కోడలు వడ్డాణంతో బెండకాయలు తరుగుతుంది. మనం మాసిన నైటీలో సోఫా మీద కూచుని, "ఎంత సహజంగా చేస్తోందో" అని మెచ్చుకుంటాం.

ఇంటి చీరని నిజంగా కథలోకి తెచ్చిన సినిమా ఒకటి నాకు గుర్తుంది. 1962లో వచ్చిన 'గుండమ్మ కథ'. ఎన్నిసార్లు చూశారో మీరే లెక్కపెట్టుకోండి. సవతి కూతురు లక్ష్మిగా సావిత్రి, సొంత కూతురు సరోజగా జమున. ఒకే ఇల్లు, ఒకే కప్పు. అయినా లక్ష్మి ఎప్పుడూ పెరట్లోంచి వచ్చినట్టూ, సరోజ ఎప్పుడూ షికారుకి బయల్దేరినట్టూ వుంటారు. మాటలూ పాటలూ వినకుండా ఒక్క బట్టలే చూసినా, ఆ ఇంట్లో ఎవరు చాకిరీ చేస్తారో, ఎవరికి చేస్తారో తెలిసిపోతుంది. ఇంకో తమాషా చూడండి. ఆ ఇంట్లో పనివాడుగా కుదరాలంటే ఎన్.టి. రామారావంతటివాడు నిక్కరు తొడుక్కోవలసి వచ్చింది. అతను పెద్దింటి బిడ్డ అని మనకి తెలుసు, గుండమ్మకి తెలీదు. ఆవిడ మనిషిని చూడలేదు, నిక్కరుని చూసింది. పాపం ఆవిణ్ణి అని లాభం లేదు, మనమూ ముందు చూసేది అదే.

ఆ సినిమా అంటే నాకు ఇప్పటికీ ప్రాణమే. అయినా ఈ మధ్య చూసినప్పుడు ఒక్క చోట మనసు అడ్డం తిరిగింది. లక్ష్మి కష్టాలు తీరి పెద్దింటి కోడలు కాగానే ఆ పాత చీరల పీడా వదిలిపోతుంది. సరోజకి బుద్ధి రావాలంటే ఆవిణ్ణి తోటపనిలోకి దింపాలి. అంటే అంత మంచి కథ కూడా పని బట్టకి రెండే అర్థాలిచ్చింది. లక్ష్మి ఒంటి మీద అది అన్యాయం, సరోజ ఒంటి మీద శిక్ష. ఏ కష్టమూ లేని ఆడది, ఓ మామూలు మంగళవారం నాడు, తన ఇంట్లో తను హాయిగా పని చేసుకుంటూ కట్టుకున్న చీర మన కథల్లో నాకు కనిపించలేదు. నా కథల్లో అసలే లేదు.

ఇంట్లోకి ఒకటీ బయటికి ఒకటీ అనే అలవాటే తప్పంటున్నానని అనుకోకండి. ఆ అలవాటు వెనక పెద్దవాళ్ల అనుభవం చాలా వుంది.

మా అమ్మమ్మగారింట్లో వంటింటి పక్క గదిలో, కప్పుకి దగ్గరగా ఓ దండెం వుండేది. తడిపి పిండిన చీరని కర్రతో పైకెత్తి దాని మీద ఆరేసేవారు. అమ్మమ్మ స్నానం చేసి ఆ మడి చీర కట్టుకున్నాకే పొయ్యి దగ్గరికి వెళ్లేది. బడి నుంచి వచ్చిన మేం పొరపాటున తగిలామా, "మైల బట్టలే, తాకకండే" అని ఒకటే గోల. ఆ కర్ర కొసన శుభ్రత ఎంత వుందో, సాటి మనుషుల్ని ఎడంగా పెట్టడమూ అంత వుంది. అది కప్పిపుచ్చి మడిని పొగడడం నావల్ల కాదు. అలాగని శుభ్రత మాట ఉత్తదీ కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక మనమందరం ఏం చేశాం? కూరలకి వెళ్లొచ్చిన మనిషిని గుమ్మంలోనే ఆపి, బట్టలు బకెట్లో వేయించి, తలస్నానం అయితే గాని లోపలికి రానివ్వలేదు. అమ్మమ్మ మడిని జీవితమంతా వెక్కిరించిన మావారు ఆ రోజుల్లో ఆవిణ్ణి మించిపోయారు.

ఆ ఏడాదే ఇంకో వింత కూడా చూశాం. ఆఫీసు ఇంట్లోకే వచ్చేసింది. కంప్యూటరు ముందు కూచున్న మగవాళ్లకి నడుం పైన ఇస్త్రీ చొక్కా, నడుం కింద గళ్ల లుంగీ. బయటి బట్టకీ ఇంటి బట్టకీ సరిహద్దు వాళ్ల బొడ్డు దగ్గరే గీసినట్టయింది.

శుభ్రత ఒకటైతే పొదుపు రెండోది. మన ఇళ్లల్లో చీరకి కూడా ఉద్యోగంలో లాగే మెట్లుంటాయి. కాకపోతే అన్నీ కిందికి దిగేవే. కొన్న కొత్తలో పెళ్లిళ్లకి. రెండేళ్లు పోయాక పేరంటాలకీ గుడికీ. రంగు కాస్త తగ్గాక బజారుకి. ఆ తర్వాత ఇంట్లోకి. ఇంట్లో చిరిగాక బొంతకీ, పసిపిల్లల ఉయ్యాలకీ. చిట్టచివరికి వేడి గిన్నె దించే మసిగుడ్డకి. మధ్యలో పాతబట్టలకి స్టీలు సామాను ఇచ్చేవాడు దొరికితే ఓ గిన్నె కూడా అవుతుంది. ఒక్క పోగు వృథా పోదు. ఈ తెలివికి నేను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడతాను.

అయితే ఆ మెట్ల వరసలో ఓ సంగతి గమనించారా? ఇంటి చీరని ఎవరూ కొనరు. బయటి చీరే కొన్నాళ్లకి ఇంటి చీర అవుతుంది. బయటికి పనికి రాకుండా పోవడమే దానికి వున్న అర్హత. పెళ్లికి కట్టుకోబోయే చీరని దుకాణంలో భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటాం. వీధి వెలుతురులోకి పట్టుకెళ్లి అసలు రంగు చూస్తాం. ఆ చీర ఏడాదికి ఓ పది గంటలు ఒంటి మీద వుంటుందేమో. రోజూ పొద్దుట లేచిన దగ్గర్నించి పడుకునేదాకా వుండే చీరని మాత్రం మనం ఎంచుకోం. "ఇంట్లోకి నాలుగు నూలు చీరలు" అని విడిగా కొనేవాళ్లు లేకపోలేదు. అక్కడా బేరం "ఏదో ఒకటిలెండి, ఇంట్లోకే కదా" దగ్గరే మొదలవుతుంది. నా ఫిర్యాదంతా ఆ "ఇంట్లోకే కదా" మీద.

బయటి చీర కోసం ఎంత ఆలోచన ఖర్చయిందో తెలియాలంటే ఓసారి బెంగాల్ వెళ్లి రావాలి. శరత్ బాబు నవలలు తెలుగులో చదువుకున్న మనకి ఆ అంతఃపురాలు కొత్తవి కావు. అక్కడి పెద్దింటి ఆడవాళ్లు గడప దాటనన్నాళ్లూ ఇంట్లో ఒంటికి ఒక్క చీర చుట్టుకునేవారు. దాని లోపల జాకెట్టూ లంగా వుండేవి కావు. 1864లో రవీంద్రనాథ్ ఠాగూర్ వదినగారు జ్ఞానదానందినీ దేవి భర్తతో బొంబాయి వెళ్లవలసి వచ్చింది. ఆయన సత్యేంద్రనాథ్, ఐ.సి.ఎస్.లో చేరిన మొదటి భారతీయుడు. ప్రయాణం అనగానే వచ్చిపడ్డ చిక్కు బట్టలది. ఇంట్లో కట్టుకునేది బయట పనికి రాదు. బయటికి కట్టుకునేది అంటూ ఏమీ లేదు. ఆడదానికి బయట అనేదే లేనప్పుడు బయటి బట్ట ఎక్కడిది? బొంబాయిలో పార్సీ స్త్రీల కట్టు చూసి, జాకెట్టూ లంగాతో, కుచ్చెళ్లు పోసి కట్టే పద్ధతి ఆవిడ నేర్చుకుని కలకత్తాకి తెచ్చారు. బ్రహ్మసమాజం కుటుంబాల్లో అది వ్యాపించింది. ఆడది వీధిలోకి రావడంతో పాటే వీధి చీరా వచ్చిందన్నమాట. దాని కోసం ఒక మనిషి కూచుని ఆలోచించింది, నేర్చుకుంది, నలుగురికీ నేర్పింది. అందుకే దానికి ఆ మర్యాద. ఇంటి చీర కోసం అలా కూచుని ఆలోచించినవాళ్లు ఎవరు?

మగవాళ్లకి ఈ బెడద లేదు. మా నాన్నగారు ఆఫీసు నుంచి రాగానే ప్యాంటు వంకీకి తగిలించి, లుంగీ బనీనుతో వీధి వరండాలో కుర్చీ వేసుకుని కూచునేవారు. తాసిల్దారుగారు వచ్చినా "రండి, రండి" అనేవారే గాని, లేచి వెళ్లి చొక్కా తొడుక్కోవడం నేనెరగను. లోపల మా అమ్మ కాఫీ కలిపి గ్లాసులు నా చేతికిచ్చి తలుపు చాటున వుండిపోయేది. "నువ్వే ఇవ్వచ్చుగా అమ్మా" అంటే, "చీర బాగాలేదే" అనేది. అప్పుడు అర్థం కాలేదు గాని ఇప్పుడు అర్థమవుతోంది. ఆయన లుంగీ విశ్రాంతికి గుర్తు. ఆవిడ పాత చీర చాకిరీకి గుర్తు. విశ్రాంతిని నలుగురిలో పెట్టుకోవచ్చు, చాకిరీని తలుపు చాటున పెట్టాలి!

ఇది తెలిస్తే నైటీ మీద ఇంత రభస ఎందుకో కూడా తెలుస్తుంది. నైటీ అందంగా వుంటుందని నేను వాదించను. మా పెద్దత్తయ్య దాన్ని "దిండు గలీబు" అంటుంది, ఆ మాట అబద్ధమూ కాదు. రాత్రికని పేరు పెట్టుకుని వచ్చి పగలంతా తిష్ఠ వేసింది. కానీ దాని తరఫున ఒక్క మాట చెప్పాలి. పెళ్లికి కట్టి, గుడికి కట్టి, రంగు వెలిశాక ఇంట్లోకి దిగిన బట్ట కాదది. నాకు తెలిసి, మన మధ్యతరగతి ఆడది ఇంట్లో సుఖంగా వుండడం కోసం, కొత్తగా, పువ్వులూ రంగులూ ఏరుకుని కొనుక్కున్న మొదటి బట్ట అదే.

2018 నవంబరులో వచ్చిన ఓ వార్త మీకు గుర్తుండే వుంటుంది. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా, నిడమర్రు మండలం తోకలపల్లిలో ఊరి పెద్దలు ఓ కట్టుబాటు చేశారు. ఉదయం 7 నుంచి రాత్రి 7 దాకా ఆడవాళ్లు నైటీ వేసుకోకూడదు. వేసుకుంటే 2000 రూపాయల జరిమానా. వేసుకున్నవాళ్లని పట్టి చెప్పినవాళ్లకి 1000 రూపాయల బహుమతి. సంగతి పత్రికలకెక్కి, అధికారులు ఊరికి వెళ్లి విచారించారు. ఆడవాళ్లే అడిగారని కూడా కొందరన్నారు. అడిగే వుంటారు. నైటీతో బజారుకి వెళ్లడం బాగుండదని నన్నడిగితే నేనూ అంటాను. అయితే ఆ వార్తల్లో లుంగీ మాట ఎక్కడా కనిపించలేదు. బనీను మాటా లేదు. ఇంటి బట్ట వీధిలోకి రాకూడదన్నదే నియమమైతే అది ఇద్దరికీ వుండాలి గదా! అదీగాక ఇల్లు ఎక్కడ అయిపోతుంది, వీధి ఎక్కడ మొదలవుతుంది? కుళాయి దగ్గరికీ, చెత్త బండి దగ్గరికీ, పిల్లల స్కూలు బస్సు దాకా పదిసార్లు గడప దాటే ఆడది పదిసార్లు చీర మార్చుకోవాలా?

ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానా అంటే, రెండేళ్ల క్రితం మా అమ్మ బీరువా తెరిచాను గనక.

ఆవిడ పోయిన నెలకి నేనూ అక్కా కలిసి తెరిచాం. గుప్పున కలరా ఉండల వాసన. లోపల మడత నలగని చీరలు 26. గద్వాల్, ఉప్పాడ, మంగళగిరి. నా మొదటి జీతంతో కొన్న పోచంపల్లి చీరకి దుకాణం వాడు పెట్టిన అట్టముక్క కూడా తియ్యలేదు. "ఎక్కడికన్నా వెళ్లేటప్పుడు కడతానే" అనేది. ఎక్కడికి వెళ్లింది గనక? ఆఖరి అయిదేళ్లూ మోకాళ్ల నొప్పులతో వీధి గుమ్మం దిగలేదు. ఆ అయిదేళ్లూ నాలుగే చీరలు మార్చి మార్చి కట్టుకుంది. అవి ఏ రంగువో ఎంత తలుచుకున్నా నాకు గుర్తు రావడం లేదు. వాటికి రంగు మిగిలి వుంటే గదా!

ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజు, అంత ఆయాసంలోనూ, "ఈ చీరతోనా?" అని మంచి చీర తియ్యమంది. ముక్కూ మొహం తెలియని డాక్టరుకి మంచి చీరతో కనిపించాలి. మరి మేమెవరం? నాన్నగారూ, అక్కా, నేనూ ఇన్నేళ్లుగా ఆవిణ్ణి రోజూ చూసినవాళ్లం. మాకోసం ఆవిడ ఏ చీరా తియ్యలేదు. తనకోసం అసలే తియ్యలేదు. తప్పు ఆవిడదని కాదు. "అమ్మా, ఇవాళ ఆ పోచంపల్లి కట్టుకోవే" అని మాలో ఒక్కరం ఒక్కసారైనా అన్నామా?

ఆ చీర నేను తెచ్చుకున్నాను. ఓ మామూలు రోజున, ఏ పండగా లేకుండా, అట్టముక్క తీసేసి కట్టుకున్నాను. మా అమ్మాయి చూసి, "ఎక్కడికమ్మా?" అంది. "ఎక్కడికీ లేదు, వంటింట్లోకే" అన్నాను. అన్నంతసేపు పట్టలేదు, పోపులో ఆవాలు పేలి కొంగు మీద నూనె చిందింది. మరక ఇప్పటికీ వుంది. రాజమండ్రి పాఠకురాలు విని వుంటే, "నేను ముందే చెప్పానా లేదా?" అని వుండేవారు.

ఆ మరకతో నాకు తెలివి వచ్చింది. మంచి చీరలన్నీ పొయ్యి దగ్గర కట్టుకోమని నేను చెప్పబోవడం లేదు. ఇంటి బట్ట వేరే వుండాలి. వంటకీ చాకిరీకీ తగ్గట్టు, ఉతుకుళ్లకి ఆగేట్టు వుండాలి. కానీ అది బయటి చీరల శవం కాకూడదు. దాన్నీ ఓ చీరలాగే ఎంచుకోవాలి. పిల్లలు తర్వాతెప్పుడో తలుచుకుంటే రంగు గుర్తు రావాలి.

అందుకని పోయిన వారం చీరల దుకాణానికి వెళ్లాను. రెండు నూలు చీరలు, ఒకటి మెంతిరంగుది, ఒకటి నేరేడుపండు రంగుది, భుజాన వేసుకుని అద్దంలో చూసుకున్నాను. కుర్రాడు, "ఫంక్షనుకా మేడమ్?" అన్నాడు. "కాదు బాబూ, ఇంట్లోకి" అన్నాను. వెంటనే చేతిలో చీర లాక్కున్నంత పని చేసి, "అయితే ఇటు రండి, ఇంట్లోకి తక్కువలో వున్నాయి" అని అడుగు అరలోంచి ఓ కట్ట లాగాడు. "అవి కాదు, ఇవే" అన్నాను. వాడు నన్ను ఓ రకంగా చూశాడు. బిల్లు కడుతుంటే నాకే కాస్త సిగ్గేసింది, దాపరికం ఎందుకు? నలభై దాటినదాన్ని, ఇంటి కోసమని విడిగా చీర ఏరి కొనుక్కోవడం అదే మొదటిసారి.

ఇప్పుడు రాస్తున్న నవలలో అమ్మాయి సాయంత్రం ఇంటికి రాగానే చీర మార్చుకుంది. ఏ చీరో, ఎక్కడ కొందో, కొంగున ఏ మరక వుందో రెండు పేరాలు రాశాను. ఇంతలో కాలింగ్ బెల్ మోగింది. ఆ అమ్మాయి తువ్వాలు కోసం వెతకలేదు. స్టవ్ తగ్గించి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, వెళ్లి తలుపు తీసింది.